నొప్పి లేని పుండు: గిరిప్రదక్షిణ తర్వాత వచ్చిన ఒక మధుమేహ రోగి కేసు

ఆషాఢ పౌర్ణమికి ముందురోజు మధ్యాహ్నం సింహాచలం కొండ దిగువన తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, సుమారు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణను చెప్పులు లేకుండా పూర్తి చేసిన 56 ఏళ్ల వ్యక్తి ఒకరు, ఆ తర్వాత తొమ్మిదో రోజున కుడి పాదానికి గుడ్డ చుట్టుకుని మా ఓపీకి వచ్చారు. గాజువాక ప్రాంతంలోని ఒక కర్మాగారంలో ఆయన 24 ఏళ్లుగా మూడు షిఫ్టుల్లో క్రేన్ నడుపుతున్నారు. షుగర్ ఉందని తెలిసి తొమ్మిదేళ్లయింది. ఆయన అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టేందుకు వీలైన వివరాలను మార్చాను.

ఆ పుండును మొదట గమనించింది ఆయన కాదు. ప్రదక్షిణ అయిన ఆరో రోజు ఉదయం ఇల్లు తుడుస్తున్న కోడలికి తెల్ల టైల్స్ మీద మంచం దగ్గర నుంచి బాత్‌రూమ్ వరకు వరుసగా మరకలు కనిపించాయట. ఎవరో కాఫీ ఒలకబోశారనుకుని తుడవబోయి, అన్ని మరకలూ ఒకే ఆకారంలో, ఒక్క కుడి పాదం అడుగుల దూరంలోనే ఉన్నాయని చూసి, మామగారిని కూర్చోబెట్టి పాదం ఎత్తమన్నారు. అప్పటికే అరికాలిలో బొటనవేలి మొదలు దగ్గర చర్మం ఊడి, చీమూ నెత్తురూ కారుతున్నాయి. ఇంట్లో పసుపు అద్ది కట్టు కట్టారు. ఆయన ఆ కట్టు మీదనే మేజోడు, దాని మీద వేళ్ల దగ్గర ఇనుప టోపీ ఉన్న సేఫ్టీ బూటు వేసుకుని ఇంకా మూడు షిఫ్టులు చేసి, వాసన రావడం మొదలయ్యాకే సెలవు పెట్టారు.

"నొప్పే లేదు డాక్టర్ గారండీ, నొప్పుంటే మొదటి రోజే వచ్చీవోడిని కదా" అన్నారాయన. ఈ కేసులో నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. రెండున్నర సెంటీమీటర్ల పుండు మీద 74 కిలోల బరువు మోపి తొమ్మిది రోజులు నడిచిన మనిషికి నొప్పి తెలియలేదంటే, అదృష్టవశాత్తూ జబ్బు చిన్నదని కాదు, నొప్పిని మోసుకెళ్లే నరాలే అప్పటికి పనిచేయడం మానేశాయని అర్థం.

పరీక్ష

వచ్చిన రోజున జ్వరం 99.7 డిగ్రీల ఫారెన్‌హీట్, నాడి నిమిషానికి 88. కూర్చున్నప్పుడు రక్తపోటు 152/94 ఉండగా, నిలబెట్టి మూడు నిమిషాల తర్వాత చూస్తే 128/84కు పడిపోయింది. నిలబడగానే పై అంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడిపోవడం, రక్తనాళాలను బిగించే స్వయంచాలిత నరాలు కూడా దెబ్బతిన్నాయనడానికి ఒక గుర్తు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బాడీ మాస్ ఇండెక్స్ (ఎత్తును బట్టి బరువు లెక్క) 27.2, నడుము చుట్టుకొలత 101 సెంటీమీటర్లు.

పుండు కుడి అరికాలిలో, బొటనవేలి ఎముక తల కిందుగా ఉంది. చుట్టూ చర్మం ఆనెకాయలా పసుపు రంగులో గట్టిపడి, దాని అంచు కింద చీము దాక్కుని ఉంది. ఎర్రదనం పుండు అంచు నుంచి మూడు సెంటీమీటర్ల దాకా పాకింది. మా సర్జన్ మిత్రుడు ఆ గట్టి అంచును బ్లేడుతో పొరలు పొరలుగా తొలగిస్తుండగా లోపల నుంచి సగం చింతగింజంత కంకర ముక్క ఒకటి బయటపడింది. కంచరపాలెం దగ్గరో, గోపాలపట్నం దగ్గరో, ఆ రాత్రి ఎక్కడో గుచ్చుకున్న రాయి అది. తొమ్మిది రోజులూ ఆయనతోనే నడిచింది. దాన్ని దూది మీద పెట్టి చూపించినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ గాటు పెట్టడానికి మత్తుమందు అవసరం కాలేదని కూడా ఇక్కడ నమోదు చేయాలి.

తర్వాత మోనోఫిలమెంట్ పరీక్ష చేశాం. ఇది ఒక పిడికి బిగించిన నైలాన్ పోగు. చర్మానికి ఆనించి నొక్కినప్పుడు సరిగ్గా 10 గ్రాముల బలం దగ్గర వంగేలా తయారు చేస్తారు. కళ్లు మూసుకోమని చెప్పి, ఒక్కో పాదంలో పది చోట్ల దాన్ని ఆనించి, తగిలినప్పుడల్లా చెప్పమంటాం. కుడి పాదంలో ఎనిమిది చోట్ల ఆనించడం పూర్తయ్యాక ఆయన కళ్లు మూసుకునే "ఇంకా మొదలెట్టలేదా అండీ?" అని అడిగారు. పక్కనే నిలబడి ఉన్న ఆయన భార్య అప్పుడు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. మొత్తం మీద కుడి పాదంలో రెండు చోట్ల, ఎడమ పాదంలో నాలుగు చోట్ల మాత్రమే ఆయనకు స్పర్శ తెలిసింది. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ కంపనం రెండు బొటనవేళ్ల మీదా తెలియలేదు. మడమ వెనుక రిఫ్లెక్సులు లేవు. కాలివేళ్లు పక్షి గోళ్లలా కిందికి వంగి ఉన్నాయి. చర్మం పొడిబారి మడమలు పగిలి ఉన్నాయి.

పాదంలో నాడి చేతికి అందింది. చీలమండ రక్తపోటుకూ చేతి రక్తపోటుకూ నిష్పత్తి 1.34 వచ్చింది. ఈ అంకె చూసి రక్తప్రసరణ బ్రహ్మాండంగా ఉందనుకోవడం మధుమేహ రోగుల్లో తరచూ జరిగే పొరపాటు. ధమని గోడల్లో కాల్షియం పేరుకుని గట్టిపడితే పట్టీ ఎంత బిగించినా అవి నొక్కుకోవు, అంకె అబద్ధంగా పెరుగుతుంది. అందుకే బొటనవేలి దగ్గర పీడనం కొలిచాం. ఆ నిష్పత్తి 0.74 రావడంతో పుండు మానడానికి సరిపడా రక్తం అందుతోందని ధైర్యం కలిగింది. లోపలికి పెట్టిన శలాక ఎముకకు తగలలేదు, ఎక్స్‌రేలో ఎముక తినేసిన ఆనవాళ్లు లేవు. ఇది నరాలు దెబ్బతినడం వల్ల వచ్చిన పుండు, ఇన్‌ఫెక్షన్ మధ్యస్థ స్థాయిలో ఉంది, కాలు దక్కించుకోవడానికి ఇంకా సమయం ఉంది అని నిర్ణయించాం.

రక్తపరీక్షల్లో ఆ సమయానికి షుగర్ 318 మిల్లీగ్రాములు, గత రెండు మూడు నెలల షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 10.4 శాతం. తెల్ల రక్తకణాలు 11,600. రక్తంలో కొవ్వులు చూస్తే చెడ్డ కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) 138, ట్రైగ్లిజరైడ్లు 240, మంచి కొలెస్ట్రాల్ (హెచ్‌డీఎల్) 34. క్రియాటినిన్ 1.5, దాని ప్రకారం లెక్కించిన ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీల వడపోత వేగం, 54. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కూ క్రియాటినిన్‌కూ నిష్పత్తి గ్రాముకు 420 మిల్లీగ్రాములు. ఇది 30 లోపు ఉండాలి.

గడిచిన తొమ్మిదేళ్లు

ఆయనకు షుగర్ ఉందని తెలిసింది ఏ లక్షణం వల్లా కాదు. కర్మాగారంలో ఏటా చేసే ఆరోగ్య పరీక్షలో పరగడుపు షుగర్ 190 వచ్చింది. పరగడుపున 126, లేదా 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు 200, లేదా హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, ఆ పైన ఉంటే మధుమేహం అంటాం. అయితే శరీరం ఆ గీత దాటేది పరీక్ష చేయించుకున్న రోజున కాదు, అంతకు కొన్నేళ్ల ముందే. బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనంలో, కొత్తగా టైప్ 2 మధుమేహం బయటపడిన వారిలో దాదాపు సగం మందికి అప్పటికే ఏదో ఒక అవయవంలో దాని జాడ కనిపించింది. కనుక ఈ రోగి విషయంలో తొమ్మిదేళ్లు అన్నది ఆయనకు తెలిసిన కాలం మాత్రమే.

తల్లికి షుగర్ ఉండేది, చివరి రోజుల్లో ఒక కాలివేలు తీసేశారు. తండ్రి 52వ ఏట గుండెపోటుతో పోయారు. నడుము కొలత మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే భారతీయులకు ప్రమాదమని లెక్క. ఈయన ముప్పయ్యేళ్ల వయసులోనే అది దాటారు, ప్యాంటు సైజులను బట్టి ఆయనే చెప్పారు. వారం మార్చి వారం రాత్రి షిఫ్టు, నిద్ర పగటిపూట, కూర్చుని చేసే పని, రోజుకు ఆరు సిగరెట్లు. రాత్రి షిఫ్టులో మెలకువగా ఉండడానికి మూడు నాలుగు టీలు, అన్నీ తీపివే. ఇవన్నీ ఒకదాని మీద ఒకటి చేరిన ప్రమాద కారణాలు.

ఇక్కడ ఒక మాట వివరంగా చెప్పాలి, ఎందుకంటే "మాకేం లావు లేదు కదండీ" అన్న మాట రోజూ వింటాను. పుణెకు చెందిన పరిశోధకుడు డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్‌కిన్ కలిసి తమ ఇద్దరి కొలతలనూ 2004లో లాన్సెట్ పత్రికలో ఫొటోతో సహా ప్రచురించారు. ఇద్దరి బాడీ మాస్ ఇండెక్సూ ఒకటే, 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడడానికి సన్నగా ఉన్నా పొట్ట లోపల, కాలేయం చుట్టూ కొవ్వు చేరే శరీరం మనది, కండ తక్కువ. ఆ కొవ్వు ఇన్సులిన్ మాట వినదు, క్లోమం అదనంగా ఇన్సులిన్ తయారు చేస్తూ కొన్నేళ్లు నెట్టుకొస్తుంది, చివరికి అలసిపోతుంది. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం 2021 నాటికి దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నాయి. సన్నగా కనిపిస్తూనే కొవ్వు చేరే శరీరం కనుకే మన కొలతలకు బాడీ మాస్ ఇండెక్స్ 23 దాటగానే అధిక బరువుగా ఎంచుతాం.

మొదటి ఐదేళ్లు ఆయన మాత్రలు క్రమంగానే వేసుకున్నారు. ఆ తర్వాత 14 నెలల పాటు మాత్రలు మానేసి, తోటి ఉద్యోగి ఒకరు చెప్పిన నేరేడు గింజల పొడి మీద ఉన్నారు. పంచదార పూర్తిగా మానేసి, అనకాపల్లి నుంచి తెప్పించిన బెల్లంతో టీ తాగారు. మా ప్రాంతంలో ఈ నమ్మకం చాలా బలమైనది. అనకాపల్లి బెల్లం మనకు గర్వకారణమే, అందులో కొద్దిగా ఇనుము, ఖనిజాలు ఉండేదీ నిజమే, కానీ బెల్లంలో అత్యధిక భాగం పంచదారలో ఉన్న సుక్రోజే, రక్తంలో షుగర్ పెంచే విషయంలో రెండూ ఒకే తాను గుడ్డలు. చోడి (రాగి) అంబలి గురించి కూడా ఇలాగే అడిగారు. చోళ్లు మంచివే, పిండిని పల్చగా ఉడికించి పెద్ద గ్లాసుడు తాగితే మాత్రం అది త్వరగా అరిగి షుగర్ పెంచుతుంది, అదే పిండిని ముద్దగా చేసి పక్కన పప్పు, ఆకుకూర పెట్టుకుంటే నెమ్మదిగా పెరుగుతుంది. ఈ మాటలు చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు, కానీ తొమ్మిదేళ్లలో ఆయనకు అవి చెప్పిన వారు లేరు.

ఆయన ఫైలులో మొత్తం 31 రక్తపరీక్షల కాగితాలు ఉన్నాయి. ముప్పై పరగడుపువే. రేపు పరీక్ష అంటే ముందురోజు రాత్రి రెండు ఇడ్లీలతో సరిపెట్టుకునేవారట. అందుకే చాలావాటిలో 130 నుంచి 165 మధ్య అంకెలు. హెచ్‌బీఏ1సీ ఒక్కసారే, ఆరేళ్ల కింద, 8.3 శాతం. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కనుక ఆ కణానికి అంటుకున్న గ్లూకోజు రెండు మూడు నెలల సంగతి చెబుతుంది. ముందురోజు రాత్రి పస్తు ఉన్నంత మాత్రాన అది మారదు. ఇప్పటి 10.4 శాతం అంటే రోజంతా సగటున 250 దగ్గర షుగర్ నడుస్తోందని.

మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష లేదు. కంటి లోపలి పరీక్ష లేదు. పాదాల గురించి ఒక్క అక్షరం లేదు.

ఆ ఫైలులో మూడేళ్ల కిందటి నా చేతిరాత కూడా ఉంది. అప్పుడు ఆయన వైరల్ జ్వరంతో వచ్చారు. మధుమేహం ఉంది, మాత్రల మీద ఉన్నారు, పరగడుపు షుగర్ 168 అని రాసి, ఒక మాత్ర మోతాదు పెంచి పంపాను. బూట్లు విప్పమనలేదు. అరికాళ్లలో తిమ్మిర్లు ఉన్నాయా అని అడగలేదు. ఇప్పుడు అడిగితే, అప్పటికే రెండేళ్లుగా రాత్రిళ్లు అరికాళ్ల మంటలు ఉండేవనీ, పాదాలు దూది మీద నడుస్తున్నట్టు ఉండేవనీ, తర్వాత మంటలు వాటంతటవే తగ్గిపోవడంతో జబ్బు నయమవుతోందనుకున్నాననీ చెప్పారు. మంట తగ్గింది నరం కోలుకుని కాదు, చచ్చిపోయి. ఆ రోజు నేను రెండు నిమిషాలు వెచ్చించి ఉంటే ఆ కంకర ముక్క ఆ పాదంలో తొమ్మిది రోజులు ఉండేది కాదు.

పాదానికి ఏం జరిగింది

శరీరంలో అన్నిటికన్నా పొడవైన నరాలు నడుము నుంచి కాలివేళ్ల దాకా వెళ్లేవి. రక్తంలో గ్లూకోజు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్నప్పుడు నరకణం లోపలికి అది అడ్డూ అదుపూ లేకుండా చేరి, కొంత సార్బిటాల్‌గా మారుతుంది. కొంత ప్రోటీన్లకు అంటుకుని వాటిని పనికిరాకుండా చేస్తుంది. నరానికి రక్తం అందించే సూక్ష్మనాళాలు మందమై మూసుకుపోతాయి. పొడవైన నరం చివరికి పోషణ అందడం కష్టం కాబట్టి దెబ్బ మొదట వేళ్ల చివర్లలో కనిపించి, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. కొవ్వు, పొగ, రక్తపోటు తోడైతే మరింత త్వరగా జరుగుతుంది.

ఈ నరాల దెబ్బ స్పర్శతో ఆగదు. పాదంలోని చిన్న కండరాలను నడిపే నరాలు పోవడంతో వేళ్లు వంగిపోయి, ఎముక తలలు కిందికి పొడుచుకొచ్చి, నడిచేటప్పుడు బరువంతా ఆ రెండు మూడు చోట్ల పడుతుంది. చెమట పుట్టించే నరాలు పోవడంతో చర్మం ఎండి పగులుతుంది. ఒత్తిడి పడిన చోట చర్మం గట్టిపడి ఆనెకాయ అవుతుంది, ఆ ఆనెకాయే బూటులో పెట్టిన గులకరాయిలా లోపలి కండను నలిపి పుండు చేస్తుంది. అటువంటి పాదంతో జూలై మధ్యాహ్నం వేడెక్కిన తారు మీద మొదలుపెట్టి, హనుమంతవాక మీదుగా సముద్రం వైపు వెళ్లి, తిరిగి ఊరు చుట్టి తెల్లవారుజామున కొండ దిగువకు చేరాలంటే 32 కిలోమీటర్లలో ఆ ఎముక తల కింద పడే అడుగులు ఇరవై వేలకు తక్కువ ఉండవు. నొప్పి తెలిసే మనిషి నాలుగో కిలోమీటరులో కుంటుతాడు, బరువు పక్కకు వేస్తాడు, కూర్చుని చూసుకుంటాడు. ఈయన చివరి దాకా నిటారుగా నడిచారు.

మొక్కు గురించి నేను ఆయనతో వాదించలేదు. పదకొండేళ్లుగా ఏటా నడుస్తున్నారు, అది ఆయన జీవితంలో ముఖ్యమైన విషయం. మోనోఫిలమెంట్ తెలియని పాదంతో చెప్పుల్లేకుండా నడవకూడదని మాత్రం కచ్చితంగా చెప్పాను. ఇంటి లోపల కూడా.

కళ్లు, కిడ్నీలు

ఇన్సులిన్ పెంచడానికి ముందే కంటి పాప పెద్దది చేసి చూడమని కంటి వైద్యురాలికి పంపాను. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్‌ను వేగంగా దించినప్పుడు రెటీనాకు, అంటే కంటి లోపలి తెరకు, తగిలిన దెబ్బ (రెటినోపతి) కొన్ని నెలలు తాత్కాలికంగా ముదిరే అవకాశం ఉంది. అలా అని షుగర్ దించడం మానకూడదు, కన్ను ఏ స్థితిలో ఉందో తెలుసుకుని దించాలి. ఆయనకు కుడి కంటిలో మధ్యస్థ స్థాయి రెటినోపతి, ఎడమ కంటిలో తీవ్ర స్థాయితో పాటు చూపు కేంద్రంలో నీరు చేరడం కనిపించాయి. ఎడమ చూపు 6/12. ఆ మసకను ఆయన చత్వారం అనుకుని కళ్లద్దాల దుకాణంలో రెండుసార్లు అద్దాలు మార్పించుకున్నారు. క్రేన్ పై నుంచి కొక్కెం కింద ఉన్న మనిషిని చూసి పనిచేసే వృత్తి అది. ఎడమ కంటికి నెలకొకటి చొప్పున ఇంజెక్షన్లు మొదలుపెట్టారు.

కిడ్నీ సంగతి ఆయనను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది, ఎందుకంటే కాలనీలో డయాలసిస్‌కు వెళ్లేవారు ఆయనకు తెలుసు. ఈజీఎఫ్‌ఆర్ 54 అంటే డయాలసిస్‌కు చాలా దూరమే, కానీ ఆల్బుమిన్ 420 ఉండటం ఆ దూరం త్వరగా తగ్గిపోతుందనడానికి సూచన. ఆల్బుమిన్ 30 దాటిన రోజునే పట్టుకుని ఉంటే వెనక్కి తిప్పే అవకాశం చాలా ఎక్కువగా ఉండేది.

ఈసీజీ, ఎకో పరీక్షల్లో పెద్ద లోపం లేదు. మూడోసారి వచ్చినప్పుడు, భార్య మందుల కౌంటర్‌కు వెళ్లిన తర్వాత, నాలుగేళ్లుగా దాంపత్య జీవితంలో అంగస్తంభన సమస్య ఉందని తల దించుకుని చెప్పారు. మధుమేహంలో చాలా మామూలుగా వచ్చే సమస్య ఇది, చాలా సందర్భాల్లో మందు ఉన్నది. మనం అడగకపోతే వారు చెప్పరు.

చికిత్స

షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్ ఆపాను, కిడ్నీ తగ్గుతున్నవారిలో దానివల్ల షుగర్ హఠాత్తుగా పడిపోయే ప్రమాదం ఉంది. రాత్రి ఒక దీర్ఘకాల ఇన్సులిన్, భోజనాలకు ముందు మూడు చిన్న మోతాదులు మొదలుపెట్టాను. ఇన్‌ఫెక్షన్ లొంగాక మరో షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ తిరిగి ఇచ్చాను. రక్తపోటుకూ కిడ్నీకీ టెల్మిసార్టాన్, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మొదలుపెట్టి, రెండు వారాలకు పొటాషియం, క్రియాటినిన్ చూశాను. యాంటీబయాటిక్‌ల పేర్లు ఇక్కడ కావాలనే రాయడం లేదు. పుండు లోపలి కండ ముక్కను ఏ క్రిమి ఉందో తెలిపే కల్చర్ పరీక్షకు పంపి, ఫలితాన్ని బట్టి 14 రోజులు వాడాం.

అయితే ఈ పుండును మాన్పింది ప్రధానంగా మందులు కాదు, ఆ పాదం మీద బరువు పడకుండా చేయడం. తీసి పెట్టుకునే బూటు ఇస్తే రోగులు దాన్ని వేసుకునేది తమ నడకలో దాదాపు 28 శాతానికే అని 2003లో ఒక అధ్యయనం కొలిచి చెప్పింది. నొప్పి లేని కాలికి బూటు గుర్తుండదు. అందువల్ల చీము తగ్గిన పన్నెండో రోజున టోటల్ కాంటాక్ట్ కాస్ట్ అనే, మన వాళ్లు సిమెంట్ కట్టు అనే దాన్ని, పాదం ఆకారానికి అచ్చుగా మోకాలి కింద వరకు వేశాం. వారానికొకసారి విప్పి చూసి మళ్లీ వేశాం. ఆయన ఇల్లు రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. అందుకని మూడు నెలలు కింది వాటాలో ఉన్న బంధువుల ఇంటి ముందుగదిలోకి మారారు; చికిత్సలో ఇది చిన్న విషయం కాదు.

శుభ్రం చేసిన తర్వాత 3.2, 2.6 సెంటీమీటర్లు ఉన్న పుండు నాలుగు వారాలకు 2.0, 1.8కి వచ్చింది, అంటే వైశాల్యం సగానికి పైగా తగ్గింది. నాలుగు వారాల్లో సగం తగ్గని పుండు విషయంలో మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలని మేము పాటించే నియమం. పదమూడో వారానికి చర్మం పూర్తిగా కప్పుకుంది.

పుండు మానాకే, షుగర్‌ను మూత్రం ద్వారా బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్ మొదలుపెట్టాను. ఈ తరగతి మందులు కిడ్నీని కాపాడతాయని 2019, 2020ల్లో వెలువడిన క్రెడెన్స్, డాపా-సీకేడీ అనే మందుల పరీక్షలు బలంగా చూపించాయి. ఐతే 2017 నాటి కాన్వాస్ పరీక్షలో ఇదే తరగతికి చెందిన కానాగ్లిఫ్లోజిన్ తీసుకున్నవారిలో కాలు, వేళ్లు తొలగించాల్సిన సందర్భాలు ఎక్కువగా కనిపించాయి. తర్వాతి పరీక్షల్లో ఆ భయం అంతగా నిలబడకపోయినా, పచ్చి పుండు ఉన్న పాదంతో ఆ మందు మొదలుపెట్టడానికి నాకు మనసు రాలేదు.

ఒక్క షుగర్ దించితే చాలునా అని ఆయన కొడుకు అడిగారు. యూకేపీడీఎస్ లెక్కల్లో హెచ్‌బీఏ1సీ ఒక శాతం తక్కువగా ఉన్నవారిలో సూక్ష్మనాళాల సమస్యలు 37 శాతం తక్కువగా, గుండెపోట్లు 14 శాతం తక్కువగా కనిపించాయి. రెండు అంకెల మధ్య ఉన్న తేడా చూడండి అని చెప్పాను. కన్ను, కిడ్నీ, నరం షుగర్‌తో గట్టిగా ముడిపడినవి. గుండెకు రక్తపోటు, కొలెస్ట్రాల్, పొగ కూడా అంతే ముఖ్యం. డెన్మార్క్‌లోని స్టెనో-2 పరీక్షలో మూత్రంలో ఆల్బుమిన్ కనిపించిన 160 మందిని తీసుకుని, సగం మందికి ఇవన్నీ కలిపి గట్టిగా చికిత్స చేస్తే, రెండు దశాబ్దాల తర్వాత వారు మిగతా సగం కన్నా మధ్యస్థంగా 7.9 ఏళ్లు ఎక్కువ బతికారు. సిగరెట్లు ఆయన ఆ వారమే మానేశారు, ఒకసారి మళ్లీ మొదలుపెట్టి మళ్లీ మానేశారు.

తమ్ముడు

రోగిని ప్రతిసారీ స్కూటర్ మీద తీసుకొచ్చిన తమ్ముడికి 44 ఏళ్లు, కిరాణా దుకాణం. మద్రాస్ డయాబెటిస్ రిసెర్చ్ ఫౌండేషన్ తయారు చేసిన ప్రమాద స్కోరు లెక్క బల్ల దగ్గరే వేశాను: వయసుకు 20, నడుము 98 సెంటీమీటర్లకు 10, వ్యాయామం లేకుండా కూర్చునే పనికి 30, తల్లికి షుగర్ ఉన్నందుకు 10, మొత్తం 70. అది 60 లేదా అంతకన్నా ఎక్కువైతే రక్తపరీక్ష తప్పనిసరి. పరగడుపు షుగర్ 114, హెచ్‌బీఏ1సీ 6.1, అంటే ముందు దశ. ఈ దశలో ఆహారం, నడక మార్చుకుంటే మధుమేహానికి దారితీసే అవకాశం 28.5 శాతం తగ్గిందని 2006లో వెలువడిన భారతీయ అధ్యయనం చెప్పింది. అమెరికాలో అదే 58 శాతం. మన వాళ్లలో తగ్గుదల చిన్నదైనా, పాదం కింద రాయి తెలియని స్థితిని చూసిన తమ్ముడికి ఆ అంకె చాలా పెద్దదిగా కనిపించింది. దుకాణం కట్టేశాక రోజూ నలభై నిమిషాలు నడుస్తున్నారు, బూట్లతో.

ఏడాది తర్వాత

హెచ్‌బీఏ1సీ మూడు నెలలకు 8.1, ఆరు నెలలకు 7.2, ఏడాదికి 7.0. కూర్చున్నప్పుడు రక్తపోటు 128/78. ఎల్‌డీఎల్ 64. మూత్రంలో ఆల్బుమిన్ 420 నుంచి 160కి తగ్గింది. క్రియాటినిన్ 1.6, ఈజీఎఫ్‌ఆర్ 50. టెల్మిసార్టాన్, డాపాగ్లిఫ్లోజిన్ మొదట్లో ఈ అంకెను కొంత దించడం ఊహించినదే, చివరి మూడు పరీక్షల్లో అది నిలకడగా ఉంది. ఎడమ చూపు 6/9కి వచ్చింది. యాజమాన్యం ఆయనను క్రేన్ నుంచి స్టోర్స్‌కు, పగటి షిఫ్టుకు మార్చింది. మోనోఫిలమెంట్ మాత్రం కుడి పాదంలో ఇప్పటికీ రెండు చోట్లే తెలుస్తోంది, అది తిరిగి రాదని ఆయనకు చెప్పాను.

మానిన పుండు ఏడాదిలోపు తిరగబెట్టే అవకాశం దాదాపు 40 శాతం. అందువల్ల ఆయన రోజూ రాత్రి చేతి అద్దంలో రెండు అరికాళ్లూ చూసుకుంటారు. కంటి మసక వల్ల తనకు కనిపించనివి కోడలు చూస్తారు. బూటు వేసుకునే ముందు దాన్ని తిరగేసి దులిపి, లోపల చేయి పెట్టి తడుముతారు. ఈ ఆషాఢంలో ప్రదక్షిణకు వెళ్లలేదు. మొక్కు ఎలా తీర్చుకోవాలో ఇంటి పురోహితుణ్ని అడిగి, కారులో కొండ మీదికి వెళ్లి దర్శనం చేసుకున్నారు. పోయిన నెల పరీక్షలో ఎడమ పాదం కింద, అదే ఎముక తల దగ్గర, కొత్తగా ఆనెకాయ మొదలవడం కనిపించింది. దాన్ని బ్లేడుతో పల్చగా చేసి, లోపలి అట్టను ఆ చోట తొలిచి కొత్త చెప్పులు కుట్టించాం. నాలుగు వారాలకు మళ్లీ రమ్మన్నాను, రెండు మేజోళ్లూ విప్పి కూర్చోమని.